కృష్ణగిరి పోయే రోలర్ కోస్టర్

మునెప్ప లెక్కలో ఈ లోకంలో రోలర్ కోస్టర్ అనే వస్తువే లేదు. ఉన్నదంతా బస్సే. చక్రాలుండి, సీట్లుండి, మనుషులు ఎక్కి దిగేది ఏదైనా బస్సే. అది నేల మీద పోతుందా, ఎనభై అడుగుల ఎత్తున తలకిందులుగా పోతుందా అన్నది రోడ్డు వేసినవాడి తలనొప్పి. కండక్టరుకు సంబంధం లేదు.

తమిళనాడు సరిహద్దులో హోసూరు నుంచి కృష్ణగిరి పోయే ఒక ప్రైవేటు బస్సులో ఇరవై తొమ్మిదేళ్లు కండక్టరుగా పనిచేశాడు మునెప్ప. ఓనరు బస్సులన్నీ అమ్మేసుకున్నాక, ఆ దారిలోనే శూలగిరి దగ్గరున్న ‘సీ షోర్’ పార్కులో, ‘తుఫాను’ అనే రోలర్ కోస్టర్‌కు ఆపరేటరుగా చేరాడు. బస్సు పోయింది గాని కండక్టరు పోలేదు. ఖాకీ చొక్కా అదే, మెడలో ఈల అదే, చెవి మీద పెన్ను అదే. పార్కు వాళ్లిచ్చిన డాల్ఫిన్ బొమ్మ టీషర్టును ఖాకీ చొక్కా కింద బనీనుగా వాడుకునేవాడు.

పేరు సీ షోర్ అయినా, అసలు సముద్రం అక్కడికి బస్సులో ఆరు గంటల దూరం. మామిడి గుజ్జు ఫ్యాక్టరీతో బాగుపడిన రామచంద్రప్ప, తన ఊళ్లవాళ్లకు సముద్రం లేకపోవడమేమిటని పట్టుబట్టి, మిషనుతో అలలు లేచే పెద్ద కొలను కట్టించి, దాని చుట్టూ నూట పది లారీల ఇసుక పోయించాడు. మొదటి ఏడాది, పెద్దల పేరున సముద్రంలో మునిగే ఆడి అమావాస్యకు ఊత్తంగరై వైపు నుంచి మూడు వ్యాన్ల జనం పసుపు కుంకుమలతో సముద్ర స్నానానికి దిగారు. వాళ్లలో ఒక ముసలమ్మ నీళ్లు నోట్లో పోసుకుని చూసి, ఉప్పు లేని సముద్రాన్ని చూపించి మోసం చేస్తున్నారని టికెట్ కౌంటరు దగ్గర గంటసేపు తగువులాడింది. మరుసటి ఏడాదికి రామచంద్రప్ప నాలుగు మూటల ఉప్పు తెప్పించి పెట్టాడు.

ఆ సముద్రం ఒడ్డునే తుఫాను. పదహారు సీట్లు, గొలుసుతో పైకి లాగే గుట్ట, అక్కడి నుంచి ప్రాణం గొంతులోకొచ్చే పల్లం, ఒక సున్నా చుట్టు, రెండు మలుపులు. మునెప్ప దానికి రూటు వేసుకున్నాడు. ఎక్కే చోటు హోసూరు. గొలుసు గుట్ట శూలగిరి. పల్లం కురుబరపల్లి. తలకిందులయ్యే సున్నా కృష్ణగిరి టోల్‌గేటు. బ్రేకు పడే చోటు కృష్ణగిరి బస్టాండు.

“ఎక్కిన చోటే దిగినాం గదన్నా, హోసూరు కృష్ణగిరి ఎట్లయింది?” అని బర్గూరు నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు అడిగారు.

“ఎక్కేటప్పుడు హోసూరు. దిగేటప్పుడు కృష్ణగిరి. నడాన నువ్వు అరిచిన అరుపులన్నీ ఊరికే పోయినాయా?” అన్నాడు మునెప్ప.

పూర్ణిమ ఈ పార్కుకు ఆపరేషన్స్ మేనేజరుగా వచ్చి ఎనిమిది నెలలు. సొంతూరు తెనాలి. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, హోసూరులో ఒక ఫ్యాక్టరీలో మూడేళ్లు నాణ్యత తనిఖీ చేసింది. ప్రతి పనికీ ఒక పద్ధతి, ప్రతి పద్ధతికీ ఇన్ని నిమిషాలని లెక్క ఉండాలనే మనిషి. చేరిన మొదటిరోజే మునెప్ప దగ్గరికి వచ్చింది.

“మునెప్ప గారూ, ఒక రౌండుకు ఎంతసేపు పడుతుంది?”

“హోసూరు నించి కృష్ణగిరికా?”

“కాదండీ. ఇక్కడి నుంచి ఇక్కడికే.”

“అదే చెప్తా ఉండాను. నిమిషం ముప్పావు. నాన్‌స్టాప్.”

బండి నిమిషం ముప్పావులో వచ్చేసేది నిజమే. బయల్దేరడానికే పదకొండు నిమిషాలు పట్టేది. ఎందుకంటే మునెప్ప పదహారు మంది దగ్గరికీ పోయి, ఒక్కొక్కరి ఒడి మీది ఇనప కడ్డీని రెండుసార్లు లాగి చూసి, ఎదురుగా నిలబడి, “యాడికి పోవాలప్పా?” అని అడిగేవాడు. జవాబు వచ్చేదాకా కదిలేవాడు కాదు. కొందరు ‘పైకి’ అనేవాళ్లు. కొందరు ‘సింగపూరు’ అనేవాళ్లు. ఒకాయన భార్య పక్కనుండగానే కాశీకి అన్నాడు. మునెప్ప అందరికీ “సరే, కూర్చో” అని ఒకే మాట చెప్పేవాడు. పదహారో మనిషి కూడా చెప్పాక ఈల ఊది, పోదామని అరవంలో “పోలాం రైట్” కేకేసి బటన్ నొక్కేవాడు.

అంతటితో అయిపోలేదు. బండి గొలుసు మీద కటకటమంటూ ఎక్కుతుంటే మైకులో మొదలుపెట్టేవాడు. “శూలగిరి గుట్ట వస్తా ఉండాది. చేతులు లోపల పెట్టుకోండి. నిద్రపోయేవాళ్లు లేయండి. కురుబరపల్లిలో దిగేవాళ్లు ఎవురన్నా ఉండారా?” పైన పదహారు మంది గుండెలు చిక్కబట్టుకుని ఉండేవాళ్లు. “ఎవురూ లేరా? సరే, పోలాం రైట్.” సరిగ్గా ఆ మాటకు బండి కురుబరపల్లిలో పడిపోయేది.

ఒకసారి అంకప్ప అని ఒక ముసలి రైతు, పెళ్లివాళ్ల గుంపుతో పాటు పార్కులోకి వచ్చేశాడు. కృష్ణగిరి, కృష్ణగిరి అన్న కేక విని, చంకలో సంచీతో సహా తుఫానులో మూడో సీట్లో కూర్చున్నాడు.

“యాడికి పోవాలప్పా?”

“కుందారపల్లి కూట్‌రోడ్డు.”

ఇంకొకడైతే నవ్వేవాడు. మునెప్ప నవ్వలేదు. “ఇది ఎక్స్‌ప్రెస్సప్పా, ఆడ నిలబడదు. నువ్వు టౌను బస్సెక్కాల” అని ఆయన సంచీ తానే అందుకుని, గేటు దాకా నడిపించుకుపోయి, హైవే మీద చెయ్యెత్తి బస్సు ఆపి, ఎక్కించి, ఆ బస్సు కండక్టరుకు పెద్దాయనను రోడ్లు కలిసే కూట్‌రోడ్డులో జాగ్రత్తగా దించమని చెప్పి వచ్చాడు. ఇక్కడ పదిహేను మంది ఒళ్లో ఇనప కడ్డీలతో ఇరవై నిమిషాలు కూర్చున్నారు. ఫిర్యాదుల పుస్తకంలో ఆ రోజు పేజీ చాలలేదు.

ఆ పుస్తకం రామచంద్రప్ప కొడుకు రక్షిత్ చేతిలో పడింది. బెంగళూరులో ఎంబీఏ చదివి వచ్చిన కుర్రాడు. చెడ్డవాడు కాడు, తొందరవాడు.

“మేడం, వేసవి సెలవులు వస్తా ఉండాయి. గంటకు పది ట్రిప్పులు పోవాల. ఈయప్ప ఐదు కూడా దాటనీడు. పార్కింగులో వేసేద్దాం. ఆడ ఎంతసేపైనా ఈల ఊదుకోనీ.”

“ఆయన చేరినప్పటి నుంచి ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు సర్” అంది పూర్ణిమ.

“అది సరే. ఆలస్యం ఎందుకవుతుందో ఒక రోజంతా కూర్చొని చూడండి. సోమవారానికి రిపోర్టు రాసి ఇవ్వండి. దాన్ని బట్టి చేద్దాం.”

ప్లాట్‌ఫారం దగ్గర జనం విడిచిన చెప్పులు చూసుకునే తిమ్మక్కకు ఈ కబురు ముందే చేరింది. “పార్కింగులో బండ్లన్నీ నిలబడి ఉంటాయి కదమ్మా. కదలని బండిని చూస్తే ఆ మనిషికి జొరం వస్తాది” అంది. మునెప్ప మాత్రం ఈలను చొక్కా అంచుతో తుడుచుకుంటూ, “మీరు చూసింది రాయండమ్మా. ట్రిప్పు షీట్లో నేనెప్పుడూ అబద్ధం రాసింది లేదు, మిమ్మల్ని రాయమనేది లేదు” అన్నాడు. అని, చాలాసేపు తుడిచిన ఈలనే మళ్లీ తుడిచాడు.

ఇక్కడ పూర్ణిమ రహస్యం ఒకటి చెప్పుకోవాలి. ఆమెకు ఎత్తంటే భయం. మామూలు భయం కాదు. హోసూరులో ఫ్లాటు కూడా కింది అంతస్తులో దొరికేదాకా వెతికి తీసుకుంది. ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసినవాళ్లు గేర్ల గురించి అడిగారు, బేరింగుల గురించి అడిగారు, నువ్వు ఎక్కుతావా అని మాత్రం అడగలేదు. ఎనిమిది నెలల్లో ఆమె తుఫాను ఎక్కలేదు. ఒకరోజు తలస్నానం చేశానంది, ఒకరోజు మోకాలు నొప్పంది, ఒకరోజు మోగని ఫోను ఎత్తి మాట్లాడింది. ఈ సంగతి ఎవరికీ తెలియదని ఆమె గట్టి నమ్మకం.

శనివారం పొద్దున్నే స్టాప్‌వాచీ, నోటుపుస్తకం పట్టుకుని ప్లాట్‌ఫారం మూల కుర్చీ వేసుకుంది.

మూడో ట్రిప్పులో లోహిత్ అనే కంపెనీ కుర్రాడు, పెళ్లై నెల కూడా కాని భార్య ప్రతిభను మొదటి వరుసలో కూర్చోబెట్టాడు. మునెప్ప వచ్చాడు.

“యాడికి పోవాలమ్మా?”

“పైకే. ఇద్దరం” అన్నాడు లోహిత్.

“ఆయమ్మను అడిగినాను.”

ప్రతిభ మొగుడి ముఖం చూసి, “పైకే” అంది.

మునెప్ప కడ్డీ పైకెత్తాడు. “కొత్తగా పెండ్లయినోళ్లు ఒకే బండిలో పోకూడదప్పా. ఆరు నెలలు కావాల. ఒకరెక్కాల, ఒకరు కింద నిలబడి చెయ్యి ఊపాల.”

“ఇట్లాంటి రూలు యాడుంది?”

“ఈడ.”

ప్రతిభ సీట్లోంచి ఎలా జారి వచ్చిందో గాని, లోహిత్ తల తిప్పేలోగా తిమ్మక్క పక్కన ఉంది. బండి తిరిగి వచ్చేదాకా రెండు చేతులూ ఊపుతూనే ఉంది. ఆ రోజు పార్కులో అంత సంతోషంగా చెయ్యి ఊపినవాళ్లు లేరు. పూర్ణిమ నోటుపుస్తకంలో రాసుకుంది: లేని రూలు, ఒకటి. ఆలస్యం, రెండు నిమిషాలు.

తర్వాతి ట్రిప్పులో ఇంకో కొత్త జంట వచ్చింది. పెళ్లికూతురి చేతుల గోరింటాకు ఇంకా ఎర్రగా ఉంది. మునెప్ప ఇద్దరినీ ఒకే సీట్లో కూర్చోబెట్టి ఈల ఊదాడు. నాణ్యత తనిఖీ చేసిన పూర్ణిమకు ఒళ్లు మండింది. రూలు లేకపోవడం ఒక తప్పు, లేని రూలును ఒకరికి పెట్టి ఒకరికి పెట్టకపోవడం రెండో తప్పు. కింద గట్టిగా గీత గీసింది.

మధ్యాహ్నం బైరప్ప వచ్చాడు. కృష్ణగిరి అవతలి పోచంపల్లి సంతలో ఎద్దుల బేరాలు చేసే మనిషి. మీసం ఒక్కటే అరకిలో ఉంటుంది. వెంట ఆరుగురు స్నేహితులు, బైరప్పకు భయమంటే తెలియదని దారి పొడుగునా చాటింపు వేస్తూ వచ్చారు.

“యాడికి పోవాలప్పా?”

బైరప్ప స్నేహితుల వైపు చూసి, గొంతు సవరించుకుని, “పోనీ, యాడికైనా” అన్నాడు.

మునెప్ప ఆయన భుజాలు చూశాడు, చక్రాలు చూశాడు, తల అడ్డంగా ఊపాడు. “నీ మాదిరి బలమైన మనిషి కూర్చుంటే బండి గుట్టెక్కదప్పా. గొలుసు తెగిపోతాది. దయచేసి దిగాల.”

స్నేహితులు చప్పట్లు కొట్టారు. బైరప్ప మీసం తిప్పుతూ, బండినే ఓడించినవాడిలా దిగి, తిమ్మక్క దగ్గర నిలబడి రెండు ప్లేట్ల మసాలా బొరుగులు తిన్నాడు. ఆ వెనక ట్రిప్పులోనే బైరప్ప కంటే లావుపాటి మనిషి ఎక్కాడు. గొలుసు తెగలేదు.

సాయంత్రం అయిదయ్యేసరికి నోటుపుస్తకంలో ఆరుగురు మనుషులు, ఆరు రూల్సు. మనవళ్లు ఎక్కించిన ఒక అవ్వను, జడలో కనకాంబరాలున్నవాళ్లకు ఈ ట్రిప్పు లేదని దించాడు. కొడుకుతో వచ్చిన కళ్లద్దాల పెద్దమనిషిని, శనివారం ఉపవాసం ఉన్నవాళ్లు ఎక్కకూడదని దించాడు. ఆయన చేతిలో అప్పుడు బోండా ఉంది. పూర్ణిమ ఇక ఆగలేకపోయింది.

“మునెప్ప గారూ, ఈ రూల్సు ఏ పుస్తకంలో ఉన్నాయి?”

“కండక్టరుకు పుస్తకం యాడిదమ్మా. మొకమే.”

‘సరైన జవాబు ఇవ్వలేదు’ అని రాసుకుంది. పార్కింగులో వేసేయమని ఆఖరు వాక్యం కూడా మనసులో సిద్ధం చేసుకుంది. అంతలో రక్షిత్ వీడియో తీసేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.

“మేడం, మీరిక్కడే ఉండారు, బాగైంది. మొదటి సీట్లో కూర్చోండి. మా మేనేజరే ముందు ఎక్కుతుందని ఇన్‌స్టాలో పెడదాం.”

“నేనా? ఇప్పుడా? నాకు రిపోర్టు...”

“రెండు నిమిషాల పని మేడం. రండి.”

తలస్నానం, మోకాలు, ఫోను, ఒక్కటీ సమయానికి రాలేదు. కెమెరా ఎర్ర దీపం వెలిగింది. క్యూలో ఉన్న జనం ఈలలు వేశారు. పూర్ణిమ ఎలా నడిచిందో ఆమెకే తెలియదు. కూర్చుంది. ఎదురుగా గుట్ట ఆకాశంలోకి పోయి కనబడకుండా పోయింది. మునెప్ప వచ్చి నిలబడ్డాడు.

“యాడికి పోవాలమ్మా?”

పొద్దుటి నుంచి ఆ ప్రశ్నకు వందల జవాబులు విన్నది. ఇప్పుడు తన వంతు. ఆమె రక్షిత్ ముఖం వైపు చూసింది.

మునెప్ప కడ్డీ పైకెత్తాడు. “దిగండమ్మా.”

“ఏమైందప్పా?” అన్నాడు రక్షిత్.

“డిపో మేనేజరు బండెక్కకూడదు. బండి గుట్ట మీద నిలిచిపోతే దించమని ఆర్డరు ఎవురిస్తారు? పైన కూర్చొని ఆయమ్మకు ఆయమ్మే ఇచ్చుకుంటాదా?”

“ఈ రూలు ఎవరు పెట్టినారు?”

“నేనే. ప్రారంభం దినం మీ నాయనను గూడా ఈ రూలు కిందనే దింపినాను. ఓనరు నేల మీద ఉండాలని చెప్తే, ఆయప్ప మారు మాట్లాడకుండా దిగి టెంకాయ కొట్టినాడు. అడిగి చూడండి.”

రక్షిత్ నవ్వేసి, “సరే, నేనే పోతాను” అని తానే మొదటి సీట్లో కూర్చున్నాడు. యాడికి పోవాలప్పా అంటే, మునెప్ప కళ్లల్లోకి సూటిగా చూసి, “కృష్ణగిరి” అని అరిచాడు. మునెప్ప సరే కూర్చోమని ఈల ఊదాడు. బండి గుట్టెక్కింది.

పూర్ణిమ కుర్చీలో కూలబడి, అలవాటు కొద్దీ నోటుపుస్తకం తెరిచింది. లేని రూలు, ఏడు, అని రాయబోయి ఆగిపోయింది. పై ఆరూ చదివింది. ప్రతిభ మొగుడి ముఖం చూసింది. బైరప్ప స్నేహితుల ముఖాలు చూశాడు. అవ్వ మనవళ్లను చూసింది. కళ్లద్దాలాయన కొడుకును చూశాడు. మిగిలిన ఇద్దరూ అంతే. తను రక్షిత్‌ను చూసింది. పొద్దుటి నుంచి కళ్లెదుటే జరుగుతున్నది, స్టాప్‌వాచీ చూసుకుంటూ తను చూడనేలేదు. ఆమెకు సిగ్గేసింది. ఆ వెంటనే ఆ ఖాకీ చొక్కా మీద చెప్పలేనంత ఇష్టం పుట్టింది.

ఆఖరి ట్రిప్పు అయి, సముద్రం మిషను ఆపేసి, జనం ఇసుక దులుపుకుంటూ పోతున్నప్పుడు మునెప్ప దగ్గరికి వెళ్లింది.

“నా సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?”

“మొదటి దినమే. ఈ పచ్చగీత ఉండాది కదమ్మా, ఎక్కేవాళ్లు నిలబడేది. ఎనిమిది నెలలుగా దాని అవతల నిలబడే గుడ్ మార్నింగ్ చెప్తా ఉండారు. ఈరోజే దాటినారు.”

“ఎవరికీ చెప్పలేదా?”

“టికెట్ తీసుకున్నోడు యాడికి పోతాడని పక్క సీటోనికి చెప్తామా?” అన్నాడు మునెప్ప. “ఇరవై తొమ్మిదేండ్లు ఇదే మాట అడిగినానమ్మా. పోవాలని ఉండేవాడు నన్ను చూసి ఊరి పేరు చెప్తాడు. పోను మనసు లేనోడు పక్కనోళ్ల మొకం చూస్తాడు. బస్సులో నేనేం చేసేది? కోర్టుకు పోయేవాడు పోవాల్సిందే, ఆస్పత్రికి పోయేవాడు పోవాల్సిందే. ఊరికే టికెట్ చించి ఇచ్చినాను. ఈడ అట్ల కాదు. ఈడ ఎవురూ పోయి తీరాల్సిన పని లేదు.”

“మరి భయమైతే దిగమని నేరుగా చెప్పొచ్చుగా?”

“భయమంటే ఎవురు దిగుతారు? పెండ్లాం ముందర, స్నేహితుల ముందర? చచ్చినా దిగరు. రూలంటే దిగుతారు.”

ఆదివారమంతా పూర్ణిమ రిపోర్టుతో కుస్తీ పట్టింది. నిజం రాయకపోతే మునెప్ప పార్కింగుకు పోతాడు. నిజం రాస్తే తన భయం బయటపడుతుంది. కోస్టర్ ఎక్కలేని మనిషిని కోస్టర్ మేనేజరుగా ఎవరు ఉంచుకుంటారు? మూడుసార్లు రాసి మూడుసార్లు చింపింది. నాలుగోసారి, ట్రిప్పు షీట్లో అబద్ధం రాయనన్న మునెప్ప మాట గుర్తొచ్చి, ఉన్నదున్నట్టు రాసేసింది.

సోమవారం రక్షిత్ ఆమె ఎదుటే చదివాడు. ‘ఆలస్యానికి కారణం: ఆపరేటరు ప్రతి ప్రయాణికుణ్ణీ ఒక ప్రశ్న అడిగి, ఇష్టం లేకుండా ఎక్కినవాళ్లను కనిపెట్టి, వాళ్ల పరువు పోకుండా దించుతున్నాడు. శనివారం అలా దిగినవాళ్లు ఏడుగురు. ఏడో మనిషిని నేను. ఆ ఏడుగురిలో ఫిర్యాదు రాసినవాళ్లు లేరు. ఈ పనికి ఇంతకంటే పనికొచ్చే మనిషి మనకు దొరకడు.’

రక్షిత్ కాగితం కింద పెట్టాడు. కిటికీలోంచి తుఫాను వైపు చూశాడు. పూర్ణిమ తన ఉద్యోగం గురించి ఏదో అంటాడని ఎదురుచూసింది.

“మేడం,” అన్నాడు మెల్లగా, “అయితే మా నాయన గూడానా?”

పూర్ణిమ నవ్వు ఆపుకోలేకపోయింది. రక్షిత్ కూడా నవ్వాడు. పార్కింగు మాట మళ్లీ ఎత్తలేదు. కడ్డీలు లాగి చూడటానికి ఇంకో మనిషినిచ్చి, బయల్దేరేందుకు మునెప్పకు ఏడు నిమిషాలు గడువు పెట్టాడు. మునెప్ప సరేనని, ఎనిమిదిన్నర తీసుకుంటున్నాడు.

ఇది జరిగిన నెలకు, ఒకరోజు పొద్దున గేటు తెరవకముందే పూర్ణిమ పచ్చగీత దాటి వచ్చింది. పదిరోజులుగా అద్దం ముందు నిలబడి జవాబు సాధన చేస్తోంది. మొదటి సీట్లో కూర్చుని కడ్డీ తానే కిందికి లాక్కుంది. మునెప్ప ఏమీ ఆశ్చర్యపోలేదు. ఈల చేతిలోకి తీసుకుని ఎదురుగా నిలబడ్డాడు.

“యాడికి పోవాలమ్మా?”

“కృష్ణగిరికి” అంది పూర్ణిమ, గట్టిగా, ఒక్క అక్షరం తడబడకుండా. కానీ ఆ మాట పూర్తయ్యేలోగా ఆమె కళ్లు, వాటంతటవే, చెప్పుల దగ్గర కూర్చున్న తిమ్మక్క వైపు పోయాయి.

మునెప్ప తల తిప్పి బండి వైపు చూశాడు. ముందు నుంచి వెనకదాకా పదిహేను సీట్లూ ఖాళీ. ఒక్కొక్కటీ తీరిగ్గా చూసి, కడ్డీ పైకెత్తాడు.

“సీటు లేదమ్మా. బండి ఫుల్లు. వెనక బండిలో రా.”